అరవై రెండో గడి

జూన్ 8

పడిపోయింది.

జూన్ 9

నిన్న ఆ ఒక్క మాట రాసి పెన్ను మూసేశాను. ఈ రోజు కాస్త వివరంగా రాయాలి, లేకపోతే రేపటికి నేనే నమ్మను.

అందరం హాల్లో పెద్ద తెర ముందు నిలబడ్డాం. ఏడేళ్ల కిందట పంపిన డబ్బా. ఒక తోకచుక్క వెనకాలే తిరిగి, దాని ధూళి చిటికెడు పట్టుకుని ఇంటికొస్తోంది. కాగితాల మీద దానికేదో పొడుగాటి పేరుంది గానీ మా షెడ్డులో అందరం డబ్బా అనే అంటాం. పారాచూట్‌ని గొడుగు అంటాం. ఆకాశం ఉతికి ఆరేసినంత శుభ్రంగా ఉంది. కాసేపటికి ఒక నల్ల చుక్క కనిపించింది. ముందు చిన్న గొడుగు విచ్చుకోవాలి, అది లాగితే పెద్ద గొడుగు బయటికి రావాలి. నేను పెదాలు కదుపుతూ లెక్కపెడుతున్నాను. పదికల్లా రావాలి. ఇరవై అయింది. డబ్బా తన చుట్టూ తను తిరుగుతోంది. ఎంత నింపాదిగా తిరుగుతోందంటే, దానికేమీ తొందర లేదనిపించింది. నలభై దగ్గర ఎవరో "అయ్యో" అన్నారు. అది ఉప్పు నేలలో కూరుకుపోయింది. తెరకి శబ్దం పెట్టలేదు. చప్పుడు వినకపోవడం వల్లనేమో, నాకింకా అది పడినట్టు లేదు. ఇంకా వస్తూనే ఉంది.

ఆ గొడుగు మడిచింది నేను.

ఇంటికొచ్చేసరికి బాబాయ్ తలుపు పక్కన కుర్చీలో కూర్చుని ఉన్నాడు. నా అడుగుల చప్పుడు వినగానే లేచాడు.

"దిగిందా?"

"రేడియో పెట్టుకోలేదా బాబాయ్?"

"నీ నోట విందామని పెట్టలేదే."

చెప్పాను. చెప్పులు కూడా విప్పకుండా, గుమ్మంలోనే. మళ్లీ కూర్చున్నాడు. "చిన్నది కూడా రాలేదా?" అన్నాడు. "రాలేదు." తన చేతివేళ్లు తనే నొక్కుకున్నాడు.

"మనం బాగానే మడిచాం కదే?"

"బంగారంలా మడిచాం," అన్నాను.

జూన్ 10

షెడ్డులో ఎవరూ ఎవరి మొహం చూడటం లేదు. టీ మిషన్ దగ్గర కూడా వరసలో నిలబడి, కప్పులోకి చూసుకుంటూ వెళ్లిపోతున్నారు. షెడ్డంతా చావు ఇల్లే గానీ ఏడ్చేవాళ్లు మాత్రం లేరు.

మా బల్ల దగ్గరికి వెళ్లి కాసేపు నిలబడ్డాను. పన్నెండు గజాల బల్ల. దీని మీద బాబాయ్, నేను పందొమ్మిదేళ్లు పనిచేశాం. ఒకరు చదవాలి, ఒకరు చెయ్యాలి. చదివేవాళ్లు గుడ్డని ముట్టుకోకూడదు, చేసేవాళ్లు కాగితం చూడకూడదు. చదివిందే చెయ్యాలి. చదవనిది, కళ్ల ముందున్నా సరే, ముట్టుకోకూడదు. చేసింది చూసి, చదివినవాళ్లు గడిలో టిక్కు పెట్టాలి. చేసేవాళ్లకి కళ్లు రెండైతే చదివేవాళ్ల కళ్లు ఇంకో రెండు. మొత్తం నాలుగు. మొదటి రోజు బాబాయ్ నాకు నేర్పిన పాఠం ఇదే.

ఆ గొడుగుకి చదివింది బాబాయ్. చేసింది నేను. అంతే. ఇందులో దాచేదేముంది.

జూన్ 12

ముక్కలు వచ్చాయి. చెయ్యి వణకనివాళ్లు కావాలన్నారు, నన్ను పిలిచారు. నాన్న పోయిన ఏడు కూడా నా చెయ్యి వణకలేదని బాబాయ్ ఇప్పటికీ అందరికీ చెబుతుంటాడు.

తెల్లగది. తెల్ల బట్టలు, తెల్ల టోపీలు, మూతికి గుడ్డ. మాట్లాడాలంటే కళ్లతో మాట్లాడాలి. ఒక్కో ముక్కనీ పట్టకారుతో తీసి, చూసి, ట్రేలో పెట్టాలి. లోహం ఒకటి, గుడ్డ ఒకటి, తీగలు ఒకటి. ఏమిటో తెలియనివి ఇంకొకటి. ఆ ట్రే మీద "గుర్తుపట్టనివి" అని రాశారు. రేకు తునకలు దీపం కింద గులాబీ రంగులోకి, నీలంలోకి మారుతూ ఉంటాయి. గంటలు గడుస్తాయి. తలెత్తి చూస్తే గది పెద్దదై ఉంటుంది, నేను చిన్నదాన్నై ఉంటాను. ఎక్కడెక్కడో తిరిగొచ్చినవి నా వేళ్ల మధ్య ఉన్నాయి కదా అనుకుంటే ఒళ్లు గాలిలో తేలిపోతుంది.

ఎదురు బల్ల దగ్గర ఉన్ని టోపీ ఇంజనీరు కూర్చున్నాడు. ఎండాకాలమైనా ఉన్ని టోపీ తియ్యడు, ఇప్పుడు దాని మీదే తెల్లటోపీ పెట్టుకున్నాడు. చిన్న గొడుగుని బయటికి తన్నే పేలుడు మందుకి సమయానికి కరెంటు అందించే స్విచ్చు ఆయన చేసిందే. మందు పేలలేదు, అలాగే పొడిగా దొరికింది. కాబట్టి అందరి కళ్లూ ఆయన మీదే.

జూన్ 13

బాబాయ్ కళ్లు రిటైరయ్యాకే పోయాయి. అంతకుముందు బాగానే ఉండేవి.

జూన్ 15

ఆదివారం. మధ్యాహ్నం భోజనం చేసి కాస్త నడుం వాల్చాను. కల వచ్చింది.

గొడుగు మా ఇంట్లో విచ్చుకుంటోంది. వంటగది నిండింది, వసారా నిండింది, కిటికీల్లోంచి వీధిలోకి పోతోంది. బాబాయ్, నేను చెరో అంచు పట్టుకుని మడుస్తున్నాం. ఎంత మడిచినా ఇంకా ఉంది. వీధిలో వాళ్లంతా ఇళ్లలోంచి బయటికొచ్చి, తలా ఒక అంచు పట్టుకుని నవ్వుతున్నారు. పైనుంచి ధూళి రాలుతోంది, సన్నగా, వెండిలా. ఎవరి మీద పడ్డా వాళ్లు తేలికైపోతున్నారు. బాబాయ్ చెప్పేది చెబుతూనే ఉన్నాడు గానీ ఒక్క మాటా నాకు వినిపించడం లేదు. ఆయన పెదాలు చూసి చేస్తున్నాను.

లేచేసరికి దిండు తడిగా ఉంది. ఏడ్చానో, చెమటో.

"ఏమే, నిద్దట్లో తాళ్లు లెక్కపెడుతున్నావు," అన్నాడు బాబాయ్ పక్కగదిలోంచి. "ఇరవై నాలుగుకి బదులు ఇరవై మూడే లెక్కపెట్టావు. మళ్లీ పడుకుని ఇంకోటి కలుపు."

ఆయనకి నవ్వొచ్చింది, నాకూ నవ్వొచ్చింది. ఈ వారంలో నవ్వడం ఇదే మొదలు.

జూన్ 17

ఈ రోజు ఒక పిన్ను దొరికింది. చిటికెన వేలంత ఉంటుంది, ఒక కొస వంగింది, ఇంకో కొసకి చిన్న కన్నం ఉంది. గుర్తుపట్టనివాటిలో పెట్టాను.

జూన్ 18

పిన్నులు బోలెడు ఉంటాయి. ఒక్క డబ్బాలోనే మూడు వందల పైచిలుకు.

జూన్ 20

విచారణ కమిటీ నన్ను పిలిచింది. కమిటీకి ఒక పెద్దావిడ అధ్యక్షురాలు. నెరిసిన జుట్టు, చేతిలో పెన్సిలు, మాటల్లో ఒక్కటి కూడా ఎక్కువ ఉండదు. మా మడత కాగితం ముందు పెట్టుకుంది. అరవై రెండు వరసలు, అరవై రెండు గడులు, అరవై రెండు టిక్కులు.

"ఇంత శుభ్రమైన కాగితం నేను చూళ్లేదు," అంది. "టిక్కులన్నీ గీత గీసినట్టున్నాయి."

"మా బాబాయ్ అలాగే పెడతారండీ."

"అప్పటికి ఆయన చూపు ఎలా ఉండేది?"

"బాగుండేది. రిటైరయ్యాక పోయింది."

రాసుకుంది. పెన్సిలు కాగితం మీద ఎంత మెత్తగా నడిచిందో. నాదేముంది, అడిగింది చెప్పాను.

బయట బెంచీ మీద టోపీ ఇంజనీరు కూర్చుని ఉన్నాడు. తర్వాత పిలుపు ఆయనకే.

"అక్కా, మీ పని బాగానే తేలిందా?" అన్నాడు.

"ఆఁ."

"అదృష్టవంతులు. నాకైతే ఏం చెప్పాలో తెలీట్లేదు. ఆ స్విచ్చుని వెయ్యిసార్లు పరీక్షించాను. వెయ్యిసార్లూ పనిచేసింది. అయినా పడుకుంటే నేనే తిరగేసి పెట్టానేమో అనిపిస్తుంది. నిజంగానే పెట్టినట్టు గుర్తొస్తుందక్కా, నా చేతులు కూడా కనపడతాయి."

చెయ్యని తప్పు ఆయనకి గుర్తొస్తోంది. "కాస్త టీ తాగు బాబూ," అన్నాను.

జూన్ 22

ధూళి బతికే ఉంది! టోపీ ఇంజనీరే పిలిచి సూక్ష్మదర్శినిలో చూపించాడు. పగిలిన రేకు తునక మధ్యలో ఒక పొడవాటి గీత, దాని కొసన బంగారు రంగు రవ్వ. సూర్యుడు పుట్టకముందుది కావచ్చట. నేను చూస్తున్నంతసేపూ అది నన్ను చూస్తున్నట్టే ఉంది. ఇంత ఎత్తునుంచి పడి, ఇంత ఉప్పులో కూరుకుపోయి, ఏమీ ఎరగనట్టు మెరుస్తోంది.

"అన్నీ పోలేదక్కా, నూటికి పది మిగలొచ్చు," అన్నాడు. ఆయన కళ్లు నిండాయి. "పాపం, తొంభై పోగొట్టాను."

ఇంటికొచ్చి బాబాయ్‌కి రవ్వ సంగతి చెప్పాను. ఏ రంగు అని అడిగాడు. బంగారం అన్నాను. ఇంకొంచెం చెప్పు అన్నాడు. పొద్దున లేవగానే కిటికీ మీద పడే మొదటి ఎండ రంగు అన్నాను. "ఆఁ, ఆ రంగు తెలుసు," అని తృప్తిగా తలూపాడు. మిగతాది మాత్రం చెప్పలేదు.

జూన్ 24

ఊరికే, తోచక, మడత కాగితం నకలు ఇంటికి తెచ్చి బాబాయ్‌కి చదివి వినిపించాను. అరవై రెండు వరసలూ.

నలభై ఒకటో వరస దగ్గర బాబాయ్ చెయ్యెత్తాడు. "మళ్లీ చదువు."

"చిన్న గొడుగు మందు దగ్గరి పిన్ను తీసి, ట్రేలో పెట్టి, చూపించాలి."

"ఇది ఎప్పుడు చేర్చారు?"

"ఏమో. కొత్త డబ్బాకి చేర్చినట్టున్నారు."

"పాతవాటికి ఆ పిన్ను ప్రయోగం దగ్గరివాళ్లు తీసేవాళ్లు. మనం ముట్టుకునేవాళ్లం కాదు."

"అవును బాబాయ్."

"పిన్ను ఉన్నంతసేపూ మందుకి కరెంటు అందదు."

"అందదు."

రేడియో పెట్టమన్నాడు. పెట్టాను. ఏదో వాతావరణం చెబుతున్నారు. ఇద్దరం శ్రద్ధగా విన్నాం, రేపు వాన పడితే మాకేదో పెద్ద నష్టమైనట్టు.

జూన్ 26

టోపీ ఇంజనీరుకి కాగితం ఇచ్చారు. విచారణ తేలేదాకా పనిలోకి రావద్దట. తేలాక ఏమవుతుందో అందరికీ తెలుసు. బల్ల సర్దుకుంటూ పట్టకారు నాకిచ్చాడు. "ఇది మంచిదక్కా, జారదు."

తీసుకున్నాను. సిగ్గు లేకుండా తీసుకున్నాను.

జూన్ 27

రాస్తాను. ఎవరు చదువుతారు, నేను తప్ప.

బాబాయ్ కళ్లు రిటైరయ్యాక పోలేదు. అంతకు రెండేళ్ల ముందే పోవడం మొదలైంది. ముందు అక్షరాలు పోయాయి, తర్వాత గీతలు. ఆఖరికి కాగితం తెల్లగా ఉందన్న సంగతి మాత్రమే మిగిలింది. ఆయన నాకు చెప్పలేదు, నేను ఆయన్ని అడగలేదు. ఒక రోజు టిక్కు గడి బయట పడింది. మర్నాటినుంచి నేను కాగితం మీద స్కేలు పెట్టడం మొదలుపెట్టాను. ఒక్కో పనీ అవగానే స్కేలు ఒక గడి కిందికి జరిపేదాన్ని, ఆయన దాన్ని తడిమి టిక్కు పెట్టేవాడు. అందుకే గీత గీసినట్టున్నాయి. కాగితం ఆయన వైపు తిరిగి ఉండేది. నాకు తలకిందులు. చదవకూడదు కూడా. ఆయన మాత్రం గడగడా చెప్పేవాడు, ఒక్క అక్షరం పోనిచ్చేవాడు కాదు. నోటికి వచ్చు కదా, పద్దెనిమిదేళ్లుగా అదే కాగితం. ఇంకో తొమ్మిది నెలలు గడిస్తే పూలదండ వేసి ఇంటికి పంపుతారు. తొమ్మిది నెలల కోసం ఆయన్ని అందరి ముందూ నిలబెట్టనా? నన్ను పెంచినవాడు. నాకు జడలు వెయ్యడం కూడా వీధిలో ఎవరినో అడిగి నేర్చుకున్నవాడు.

డబ్బా వచ్చింది. కాగితం కొత్తది. మాకు చెప్పారు, కొత్త కాగితం అని. పైన అట్ట రంగు మార్చారంతే అనుకున్నాం.

ఆయన చెప్పాడు, నేను చేశాను. పిన్ను నా కళ్ల ముందే ఉంది. ఆయన చదవలేదు, నేను ముట్టుకోలేదు. మూత మడిచి కుట్టేశాను. పనైపోయింది. చూస్తే కాగితం మీద ఒక గడి మిగిలింది.

"బాబాయ్, ఒకటి మిగిలింది," అన్నాను.

"ఎక్కడో టిక్కు పెట్టడం మర్చిపోయుంటాను. ముసలాణ్ని అయిపోతున్నానే," అని నవ్వాడు.

నేనూ నవ్వాను. స్కేలు ఆఖరి గడి కింద పెట్టాను. ఆయన తడిమి టిక్కు పెట్టాడు.

ఒక్కసారి కాగితం నా వైపు తిప్పుకుని చదివి ఉంటే సరిపోయేది. కుట్టు విప్పాలంటే అరగంట పని. చదివితే ఆయనకి కనపడదన్న సంగతి నేను ఒప్పుకున్నట్టవుతుంది. అందుకని చదవలేదు. మొత్తం ఇంతే.

జూన్ 28

నిన్నటి పేజీ చింపేద్దామని పట్టుకున్నాను. వదిలేశాను.

జూన్ 29

కమిటీ నుంచి కబురు. ఆ రోజు మడత ఎలా జరిగిందో, అదే బల్ల మీద, ఉత్తుత్తి డబ్బాతో మళ్లీ చేసి చూపించాలట. గొడుగు విచారణలో ఇదొక్కటే మిగిలిందట, ఆ తర్వాత స్విచ్చు దోషమని రాసేస్తారట. బాబాయ్‌కి ఇప్పుడు కనపడదు కాబట్టి ఇంకెవరైనా చదువుతారన్నారు. "అక్కర్లేదని చెప్పు, నాకు నోటికి వచ్చు," అన్నాడు బాబాయ్.

సాయంత్రం మళ్లీ కాగితం తీశాను. నలభై వరకూ ఆయన చెప్పాడు, నలభై ఒకటి నేను అందించాను. అప్పచెప్పమన్నాను. చెప్పాడు. ఇంకోసారి అన్నాను. చెప్పాడు.

"చాలా?" అన్నాడు.

"ఇంకోసారి, బాబాయ్."

చిన్నప్పుడు ఎక్కాలు అప్పచెప్పించుకునేవాడు నా చేత. అలాగే చెప్పాడు, తప్పు లేకుండా.

జూన్ 30

పదకొండుసార్లు. ఒక్కసారి కూడా తప్పలేదు. ఇక భయం లేదు.

జూలై 1

పొద్దున పనికి వెళుతూ ఉంటే వీధి అంతా గుడ్డ పరిచినట్టుంది. మంచు కాదు, ఎండే. నడుస్తున్నాను గానీ కాళ్లు నేలకి ఆనినట్టు లేవు. ఇళ్లన్నీ మెత్తగా మడత పెట్టినట్టున్నాయి. మలుపు దగ్గర టోపీ ఇంజనీరు ఎదురొచ్చాడు. టోపీ లేదు. ముందు పోల్చుకోలేదు. చేతిలో పాల సీసా ఉంది.

"రేపు మీరు చేసేటప్పుడు నన్ను కూడా ఉండమన్నారక్కా. చూడ్డానికి."

"రా బాబూ," అన్నాను.

ఎంత మామూలుగా అన్నానో.

జూలై 2

బల్ల చుట్టూ తొమ్మిదిమంది. పెద్దావిడ కాగితం చేతిలో పెట్టుకుని, వరసలు పెన్సిలుతో అనుసరిస్తోంది. టోపీ ఇంజనీరు గోడకి ఆనుకుని నిలబడ్డాడు. బాబాయ్ పాత యూనిఫాం వేసుకున్నాడు, భుజాల దగ్గర వదులైంది.

"ఆ రోజు ఎలా చేశారో, సరిగ్గా అలాగే," అంది పెద్దావిడ.

"అలాగేనమ్మా."

మొదలుపెట్టాడు. ఆరేళ్లు దాటింది ఆ గొంతు బల్ల దగ్గర విని. నా చేతులు వాటంతట అవే కదిలాయి. గుడ్డ చల్లగా జారుతోంది, మడత మీద మడత పడుతోంది. గదిలో ఎవరూ లేరు, ఆయన మాట, నా చెయ్యి, తెల్లటి గుడ్డ. ఎంత హాయిగా ఉందో చెప్పలేను. ఇలాగే అరవై రెండు వేల వరసలుండి ఎప్పటికీ అవకపోతే బాగుండుననిపించింది.

"నలభై. పక్క తాళ్లు ఎడమ జేబులో సర్దాలి."

సర్దాను. చెయ్యి పిన్ను వైపు వెళ్లి ఆగింది.

"మూత మడత వేసి కుట్టాలి," అన్నాడు బాబాయ్.

పెన్సిలు ఆగింది. మర్చిపోయాడనుకున్నాను. దగ్గాను. ఆయన మొహంలో ఏ తొందరా లేదు.

"నలభై ఒకటి వదిలేశారు," అంది పెద్దావిడ.

"వదల్లేదమ్మా. ఆ రోజు చెప్పినట్టే చెప్పమన్నారుగా. ఆ రోజు నేను చెప్పింది ఇదే."

"కాగితం మీ ముందే ఉంది కదా?"

"ఉంది. కనపడలేదు. అప్పటికి ఏడాదిగా నాకు అక్షరం కనపడదు. పాత కాగితం నోటికొచ్చు, అదే చెప్పాను. పిన్ను తియ్యమని చదవలేదు. చదవనిది చేసేవాళ్లు ముట్టుకోకూడదు, అది మా పద్ధతి. ఆ అబ్బాయి స్విచ్చుకి ఏం కాలేదు. తప్పు నాది."

గోడ దగ్గర టోపీ ఇంజనీరు మెల్లగా కింద కూర్చుండిపోయాడు.

పెద్దావిడ నా వైపు తిరగబోయింది. బాబాయ్ ఆవిడకన్నా ముందే అందుకున్నాడు.

"మా అమ్మాయికి తెలీదు. దాని దగ్గర కూడా దాచాను. అది చెప్పింది చెప్పినట్టు చేసింది, అంతే. అలా రాసుకోండమ్మా."

ఆవిడ రాసుకుంది. నేను వింటున్నాను. పెన్సిలు ఆగాక కళ్లజోడు పైనుంచి నన్ను చూసింది.

"మీకు తెలియదా?"

నా చేతులు గుడ్డలోనే ఉన్నాయి. ఊఁ అంటే చాలు. ఆ మాట కూడా అవసరం లేదు, తల అడ్డంగా ఊపితే చాలు. ఉద్యోగం ఉంటుంది, బల్ల ఉంటుంది, ఆయన పరువు ఎలాగూ ఆయనే తీసేసుకున్నాడు. బాబాయ్ మొహం నా గొంతు వచ్చే వైపుకి తిరిగి ఉంది. అడ్డంగా ఊపితే ఆయనకి కనపడదు కూడా.

"తెలుసండీ," అన్నాను.

"నోర్ముయ్యవే!" అన్నాడు బాబాయ్. జీవితంలో మొదటిసారి నా మీద అరిచాడు.

నోరు మూసుకోలేదు. స్కేలు సంగతి చెప్పాను, మిగిలిన గడి సంగతి చెప్పాను, ఆ పిన్ను ఏ ట్రేలో ఉందో చెప్పాను. చూపు గురించి వాళ్లతో ఆడిన అబద్ధం కూడా చెప్పాను. మొత్తం చెప్పేసరికి మధ్యాహ్నమైంది. నా చెయ్యి వణుకుతోందని ఎవరో మంచినీళ్లు ఇచ్చారు.

గేటు దాకా బాబాయ్ నా చెయ్యి పట్టుకోలేదు, గోడ తడుముకుంటూ నడిచాడు. రోడ్డు దాటేటప్పుడు పట్టుకున్నాడు.